వెనక ఇరుసు నూనె వారోత్సవాలు

ఏమండోయ్ కొత్తల్లుడుగారూ, ఒకసారి ఇలా దయచేయండి. అబ్బే, అక్కడ కూచోకండి, అక్కడ మీ అత్తయ్య వడియాలు ఎండేసింది. మొన్న పాలవాడు చూసుకోకుండా కూచుంటే, ఆవిడ వాడిని లేపలేదు, వడియాలు విరుగుతాయని ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ, ఈ మెట్టు మీద కూచోండి. మీ కారు బాగుందండీ. తెల్లగా, నున్నగా, కడిగిన ముల్లంగి దుంపలా ఉంది. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. దానికి వెనక డిఫరెన్షియల్ నూనె ఎప్పుడు మార్పించారు?

తలూపారు! చూశారా, తలూపారు! మా మేనకోడలు ఏరికోరి చేసుకుందంటే ఏమో అనుకున్నాను. మీరు అచ్చంగా మా కాలనీ మనిషేనండీ.

మీ కారుకి అసలు అది ఉండదు. జీపులకీ, లారీలకీ, పాత అంబాసిడర్లకీ వెనక చక్రాల మధ్య ఇరుసు ఉంటుంది చూడండి, దాని నడిమిన బూరెలా ఉబ్బిన ఇనప బుర్ర, అదీ డిఫరెన్షియల్. లోపల పళ్ళ చక్రాలు నూనెలో మునిగి తిరుగుతూ వెనక చక్రాలని తోస్తాయి. మీ కారుని ముందు చక్రాలు లాగుతాయి. వెనకవి పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారి దూరపు చుట్టాల్లాగా ఊరికే వెంట వస్తాయి, భోంచేస్తాయి, పోతాయి. అయినా మీరు తలూపారు. మీ తప్పు లేదు. తలూపడం మీదే మా కాలనీలో ఒక ప్రభుత్వం నడిచింది. చెబుతాను వినండి.

మా కాలనీ పేరు నందనవనం. వనమంటే గేటు దగ్గర నాలుగు క్రోటన్ కుండీలు. దానికో అసోసియేషను. ఆ అసోసియేషనుకి సెక్రటరీ ప్రయాగ దివాకరం గారు. కాలవల డిపార్టుమెంటులో సూపర్నెంటు చేసి రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గాని ఆయన భాష ఇంకా డ్యూటీలోనే ఉంది. పులుసులో ఉప్పు తగ్గితే, "లవణ లోపము మా దృష్టికి వచ్చినది" అంటారట ఆ ఇల్లాలితో. ఆవిడ ఏ స్థాయిలో పరిష్కరిస్తుందో మనకి తెలీదు.

ఇక నా జీపు. కాకినాడలో సర్కస్ దిగినా, కంటి శిబిరం పెట్టినా, రేపు కుళాయిలు రావని చెప్పాలన్నా, ఎన్నికలొచ్చినా, పైన మైకు కట్టుకుని తిరిగేది నేనూ నా జీపూనే. మా పొయ్యి వెలిగేది దాని మీదే. సర్కారువారు వేలం వేస్తుంటే పాడుకున్నాను. ఏ ఆఫీసుదో కూడా అడగలేదు. ఎర్ర రంగు కొట్టించి ఇంటికి తెచ్చుకున్నాను. మా కాలనీలో నీడ అన్నది ఒక్కటే, గేటు పక్కన రేకుల షెడ్డు. అందులో ఒక్క బండే పడుతుంది. అసోసియేషను పుట్టకముందు నుంచీ అక్కడ నా జీపు ఉండేది.

ఉండేది. ఇంతలో దివాకరం గారు కొత్త కారు కొన్నారు. మన కాకినాడ ఎండకి ఆ కారు పెదవులు పగిలిపోతాయేమోనని ఆయనకి బెంగ పట్టుకుంది. షెడ్డు వంక చూసేవారు. జీపు వంక చూసేవారు. నిట్టూర్చేవారు. తరవాత ఒక రూలు పుట్టింది.

"కాలనీ యందు కదలని వాహనము తుక్కుగా పరిగణించబడి గేటు వెలుపలకు తరలించబడును. షెడ్డునందలి వాహనము ప్రతి ఉదయము స్వశక్తితో కదలి, తన కదలికను రుజువు చేసుకొనవలెను. ఒక్క పూట తప్పినను తుక్కే."

షెడ్డులో ఉన్నది నా బండి ఒక్కటే కదండీ. సరే, రుజువు చేయమన్నారు, చేశాను. రోజూ పాలవేళకి జీపు తీసి దివాకరం గారి ఇంటి చుట్టూ తిప్పేవాణ్ణి. మైకు కూడా పెట్టేవాణ్ణి.

"అయ్యలారా, అమ్మలారా! ఈ వాహనము కదులుచున్నది! కదులుచున్నది, కదులుచున్నది! రండి, చూడండి, తరించండి!"

ఆయన పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, నోట్లో నురగతో, ఏమీ అనలేక నిలబడేవారు. ఆ సుఖం మీకు మాటల్లో చెప్పలేను అల్లుడుగారూ.

మనిషికి ఒక సుఖం చాలదు కదా. ఒక ఆదివారం మీటింగులో, కుక్కలు మొరగవలసిన వేళల మీద చర్చ ముగిశాక, నేను లేచాను.

"దివాకరం గారూ, అడగొచ్చో అడక్కూడదో. తవరి కారుకి వెనక డిఫరెన్షియల్ నూనె మార్పించేరా అండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సదరు అంశము మా పరిశీలనలోనే ఉన్నదండీ."

"మంచిదండి. మార్చకపోతే ఏవవుద్దో తవరికి నేను చెప్పాలా!"

"తెలియకేమండీ!" అన్నారాయన, ఇంత పొడుగున తలూపి.

ఆ తల ఊగిందో లేదో, హాలంతా ఊగింది. పళ్ళ డాక్టరు పెన్మెత్స రాజుగారు అందరికంటే ముందుకెళ్ళిపోయారు. "నేనైతే నెలకోసారి మార్పిస్తానండి. నిన్ననే మార్పించేను. మహా తేలిగ్గా ఉంది బండి."

వెనక కుర్చీలోంచి బ్యాంకులో పనిచేసే వసంత లేచింది. "మన కార్లకి అలాంటిది ఉండదు కదా బాబాయిగారూ?"

హాలు ఘొల్లుమంది. నిజం చెప్పిన ఆ పిల్లని చూసి అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. ఆట చెడగొడుతోంది మరి.

మీటింగయ్యాక దివాకరం గారు నా భుజమ్మీద చెయ్యేశారు. "బుల్లబ్బాయిగారూ, మంచి విషయము జ్ఞాపకము చేసినారు. తమరు మాత్రము తమ జీపునకు వేళకు మార్చుచుందురు కదా? పైదియు, క్రిందిదియు, అన్నియు సవ్యముగా ఉన్నవి కదా?"

పైదేమిటో, కిందదేమిటో ఈయనకేం తెలుసని అడుగుతున్నాడురా బాబూ అని లోపల నవ్వుకుంటూ తలూపాను.

మర్నాడు గేటుకి కాగితం అంటించారు.

"ఇందుమూలముగా నందనవన వాహనదారులకు తెలియజేయడమేమనగా, వెనుక ఇరుసు తైలము పట్ల పౌరులలో నెలకొన్న ఉదాసీనతను కమిటీ తీవ్రముగా పరిగణించినది. కావున వెనుక ఇరుసు తైల వారోత్సవములు నిర్వహింపబడును. ప్రతి వాహనదారుడు తన ఇంటి వద్దనే, తన స్వహస్తములతోనే పాత తైలమును తీసి, నమూనాను సీసాలో సమర్పించవలెను. స్వావలంబన దృష్ట్యా బయటి మెకానిక్కులు గేటు లోనికి అనుమతింపబడరు. నమూనా సమర్పించని వాహనములకు గేటు తెరువబడదు."

కింద సంతకాలు రెండు. ఒకటి సెక్రటరీ. రెండోది, వెనుక ఇరుసు తైల ఉపసంఘం కన్వీనర్, అంటే నేనే. "ఈ విషయములో తమకున్న లోతు మరెవరికి గలదండీ?" అంటూ ఆయన కాగితం చాపితే, ఇంత మంచి హాస్యానికి సంతకం పెట్టకపోతే పాపమని పెట్టేశాను.

ఆ వారం చూడాలి మా కాలనీ! ఆఫీసర్లు, లెక్చరర్లు, పెద్ద పెద్ద వాళ్ళు, బనీన్లేసుకుని కార్ల కింద దూరారు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపించేవి. ఏ కాళ్ళకీ దేనికోసం దూరాయో తెలీదు. రాజుగారు నన్ను చాటుకి పిలిచారు.

"బుల్లబ్బాయ్, ఒరే, మన మధ్య మాట. నేను నెలకోసారి మార్పిస్తానన్నాను గాని, అది ఎక్కడుంటాదిరా?"

"వెనకుంటాదండి."

"వెనకంతా చూసేనురా. సైలెన్సరు గొట్టం తప్ప ఏవీ లేదు."

"తవరు పళ్ళ డాక్టరండీ బాబూ. లోపల దాగిన జ్ఞానదంతం పైకి కనపడుద్దా?"

ఆయన ఆలోచనలో పడ్డారు. సాయంత్రానికి సీసా తెచ్చారు. తాటిబెల్లం పాకం. దారిలో చీమలు పట్టాయి కూడా.

అంతే, ఊపొచ్చేసింది. ఒకాయన నువ్వుల నూనె తెచ్చాడు. ఒకాయన భార్య తలకి రాసుకునే మందార తైలం తెచ్చాడు. ఉపసంఘం బల్ల దగ్గర దివాకరం గారు ఒక్కొక్క సీసా మూత తీసి వాసన చూసి, వెలుతురుకి ఎత్తిపట్టి, గంభీరంగా తీర్పు చెప్పేవారు.

"చిక్కదనము తృప్తికరము. వర్ణము సాధారణము. వాహనము ఆరోగ్యముగా ఉన్నది."

నేను పక్కన కూచుని ముద్ర కొట్టేవాణ్ణి. నవ్వు ఆపుకోలేక నాలిక కొరుక్కుంటే మూడు పూటలు కారం తినలేకపోయాను.

రెండోరోజుకి, "వాహనము అనగా చక్రములు గలది" అని వివరణ వచ్చింది. సైకిళ్ళు వచ్చాయి. గ్యాసుబండ తోసే చెక్క వచ్చింది. మోకాళ్ళు పడిపోయిన రాఘవమ్మగారు రోజూ చక్రాల కుర్చీలో గేటు బయట గుడికి వెళ్తుంది. ఆవిడని గేటు దగ్గర ఆపేశారు. ఆవిడ ఇంటికెళ్ళి ఆవకాయ ఊట ఒక చిన్న సీసాలో పోసుకొచ్చింది.

దివాకరం గారు వాసన చూసి తుమ్మారు. "కొంచెము ఘాటుగా ఉన్నది. కుర్చీని మితిమీరి వాడుచున్నట్లు కనబడుచున్నది."

"గుడికేనండి నాయనా, ఎక్కడికీ పోను," అంది ఆవిడ చేతులు జోడించి.

ముద్ర కొట్టాను. అప్పుడు మాత్రం నాలిక కొరుక్కోవలసిన అవసరం రాలేదు.

ఎటొచ్చీ ఆ వసంత ఒక్కతే మొండికేసింది. వట్టి చేతులతో బల్ల దగ్గరికొచ్చి, "నా కారుకి అది లేదండీ," అంది.

"లేదనుటకు ఆధారము?"

కారు కిందనుంచి తీసిన ఫొటో చూపించింది.

"ఫొటోలో కనబడనంత మాత్రమున లేదనుట సాహసము. కాలనీలోని సమస్త వాహనములకు, చక్రాల కుర్చీకి సైతము ఉన్న తైలము, మీ ఒక్కరికే లేకపోవుట ఎట్లు సంభవించినది? తైలమును మీరే దురుపయోగపరచినట్లు ఎందుకు భావించరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆ పిల్ల కారు గేటు బయట ఎండలో నిలబడింది. వస్తూ పోతూ అందరూ ఆమెని అదోలా చూడడం మొదలెట్టారు, నూనె దొంగని చూసినట్టు. సీసాలో పాకం పోసినవాళ్ళే ఎక్కువ చూశారు. చివరికి ఆ పిల్ల విసుగెత్తి ఆముదం సీసా తెచ్చి బల్ల మీద టక్కున పెట్టింది. దివాకరం గారు వెలుతురుకి ఎత్తి చూసి పరవశించిపోయారు. "ఇంతటి శ్రేష్ఠమైన ఇరుసు తైలమును నా సర్వీసులో చూడలేదు!" వసంతకి మొదటి బహుమతి. స్టీలు గ్లాసు.

ఆ పిల్ల నా వంక చూసి, "బాబాయిగారూ, మీ జీపు నూనె ఎప్పుడిస్తారు?" అంది.

అదీ సంగతి. కాలనీ మొత్తానికి నిజంగా ఆ నూనె ఉన్న బండి నాదొక్కటే. దాన్ని ముగింపు రోజుకి అట్టేపెట్టారు. షామియానా వేశారు. పిల్లల చేత పాట పాడించారు. జీపుకి దండేశారు. నేను గోనెసంచీ పరుచుకుని, స్పానరు పట్టుకుని, కిందకి దూరాను. నేనెప్పుడూ ఆ పని చేసినవాణ్ణి కాదు. అసలు నా జీపుకి ఎవరూ చేయలేదు. మెకానిక్ సత్తిబాబు ఎప్పుడొచ్చినా, "వెనక నూనె మార్చేరా?" అనేవాడు. నేను తలూపేవాణ్ణి.

ఆ బుర్రకి కింద ఒక బోల్టు, పైన ఒక బోల్టు ఉన్నాయి. కిందది విప్పితే పాతది కారుతుంది. పైదాన్లోంచి కొత్తది పొయ్యాలి. ఇందులో పెద్ద చదువేముంది? కింది బోల్టు విప్పాను. నల్లగా, జిగురుగా, ఏళ్ళనాటి కంపుతో నూనె బేసిన్లోకి జారింది. చప్పట్లు మోగాయి. సీసాలోకి పట్టి దర్జాగా బల్ల మీద పెట్టాను.

దివాకరం గారు మూత తీశారు. ముక్కు మూసుకున్నారు. సీసాని మిగతా సీసాల పక్కన పెట్టి చాలాసేపు పోల్చారు.

"ఇది తైలము కాదు," అన్నారు. "ఆమోదిత నమూనాలలో దేనితోనూ పోలిక లేదు. తిరస్కరించడమైనది."

"అసలైన నూనె ఇదొక్కటేనండీ బాబూ!" అని అరిచాను. అందరూ జాలిగా చూశారు. రాజుగారైతే, "పోన్లేరా, వచ్చే ఏడు బాగా చెయ్యి," అని వీపు తట్టారు.

తిరస్కరిస్తే తిరస్కరించారు, ముందు కొత్త నూనె పొయ్యాలి కదా అని మళ్ళీ కిందకి దూరి పై బోల్టుకి స్పానరేశాను. కదల్లేదు. స్పానరుకి గొట్టం తొడిగి లాగాను. బోల్టు అంచులు అరిగాయి గాని బోల్టు కదల్లేదు. తుప్పుపట్టి ఆ ఇనుములో ఇనుమైపోయింది. పాతది పోయింది. కొత్తది పోసే దారి లేదు.

మీ అత్తయ్య మంగతాయారు వంగి చూసింది. "ఏవండీ, సీసాలో కొత్త నూనె పొయ్యాలంటే మూత వస్తాదో రాదో చూసుకుని కదా, ఉన్న నూనె పారబోసుకోవాలి?"

"నువ్వు లోపలికెళ్ళవే!"

"నేను వెళ్తాను. మీరు బయటికెలా వస్తారో అది చూసుకోండి."

సత్తిబాబుకి కబురంపాను. వాడు సామానేసుకుని వచ్చాడు. గేటు అప్పన్న కర్ర అడ్డం పెట్టాడు. "బయటి మెకానిక్కులు రాకూడదండి. కాయితం మీద తవరే కదండీ సంతకం పెట్టేరు?"

తెల్లారింది. పాలవేళయింది. కాలనీ అంతా షెడ్డు ముందు నిలబడింది. నూనె లేకుండా తిప్పానా, లోపల పళ్ళు అరిగి జీపు చస్తుంది. తిప్పకపోతే షెడ్డు పోతుంది. నేను సీట్లో కూచుని మైకు పట్టుకున్నాను.

"అయ్యలారా, అమ్మలారా! ఈ వాహనము... కదలగలదు!"

"కదలగలుగుట వేరు, కదలుట వేరు," అన్నారు దివాకరం గారు.

"ఎవరైనా తోస్తే కదిలినట్టే కదండి?"

"స్వశక్తితో అని స్పష్టముగా ఉన్నది."

తాళం తిప్పబోయాను. గుమ్మంలోంచి మీ అత్తయ్య కేకేసింది. "పళ్ళు పోతే బండి పోద్ది, బండి పోతే పొయ్యి పోద్ది! షెడ్డు మనం తింటామా ఏంటి? దిగండి కిందకి!"

దిగాను. ఆముదం వాళ్ళూ, పాకం వాళ్ళూ, మందార తైలం వాళ్ళూ, అందరూ కలిసి, కాలనీలో నిజంగా వెనక ఇరుసున్న ఒకే ఒక్క బండిని తుక్కని గేటు బయటికి తోశారు. వాళ్ళేసిన దండ నా జీపుకి అలాగే ఉంది. నేను వెనక్కి తిరిగేసరికి షెడ్డులో దివాకరం గారి కారు చల్లగా పడుకుంది.

గేటు బయట రూల్సు లేవు కాబట్టి సత్తిబాబు గ్యాసుమంటతో బోల్టుని కాల్చి, సుత్తితో కొట్టి, సగం రోజు తిట్టి, ఊడదీశాడు. కొత్త నూనె పోశాడు. జీపు బతికింది. సోడాబండి పక్కన ఎండలో పెట్టుకుని ముఖం తుడుచుకుంటుంటే, చేతికర్ర తిప్పుకుంటూ దివాకరం గారు వచ్చారు. జీపు తలుపు మీద చెయ్యివేసి నిమిరారు.

"ఎన్నాళ్ళకి ఊడిందయ్యా ఆ పై బోల్టు!" అన్నారు. ఆయన నోట మామూలు మాట వినడం నాకదే మొదలు.

"బోల్టు సంగతి తవరికెలా తెలుసండి?"

"నా సర్వీసు సగం ఈ బండి ముందు సీట్లోనే గడిచింది బుల్లబ్బాయ్. మా డ్రైవరు దాన్ని విప్పలేక ఏడ్చేవాడు."

నోటిదాకా ఎత్తిన సోడా దించేశాను. "అంటే మిగతా కార్లకి ఆ నూనె లేదని..."

"తెలుసు. నా కారుకీ లేదు."

"మరి కాలనీ అంతటి చేతా సీసాలు మోయించేరేంటండీ! రాఘవమ్మగారి కుర్చీని కూడా!"

"ఒక్కడి కోసం రూలు పెడితే కక్ష అంటారయ్యా. అందరికీ పెడితే పరిపాలన అంటారు." ఆయన సోడా తాగి గోళీ గలగల ఆడించారు. "అయినా నేనేదో మోసం చేసినట్టు చూస్తావేంటి? ఆ బోల్టు రాకే కదా డిపార్టుమెంటు దీన్ని వేలం వేసింది. వేలం రోజున అరుగు మీద నిలబడి కాగితం చదివింది నేనే. 'లోపాలన్నీ ఎరిగే పాడుకుంటున్నారా?' అని నిన్ను పైకే అడిగేను. అప్పుడు నువ్వేం చేసేవో గుర్తుందా?"

గుర్తొచ్చింది అల్లుడుగారూ.

తలూపాను.